సేవలో సామరస్యం: అభిప్రాయభేదాన్ని ఎదుర్కొనే అయిదు పద్ధతులు

భగవత్సన్నిధిలో సేవ చేయడానికి వచ్చినవారి మధ్య కలహం ఎందుకు పుడుతుందని యాత్రికులు కొందరు నన్ను అడుగుతూ ఉంటారు. అన్నప్రసాద వితరణ వేళ వంటశాలకూ వడ్డనకూ మధ్య మాట పెరగడం వారు చూసి ఉంటారు. ఆ ప్రశ్న వినగానే పూర్వం నాకు సిగ్గు కలిగేది. ఇప్పుడు వేరుగా తోస్తున్నది. పని పట్టని వారికి తగవు ఉండదు. ఇద్దరికీ ఆ పని ప్రాణమైనప్పుడే అది ఎలా జరగాలన్న విషయంలో ఇద్దరూ పట్టుబడతారు. కనుక అభిప్రాయభేదం దోషం కాజాలదు. దానిని మనం ఎదుర్కొనే తీరులోనే గుణమైనా దోషమైనా ఉన్నది. ఈ పాఠం నాకు పుస్తకం వల్ల కొంత, ఒక పొరపాటు వల్ల ఎక్కువ బోధపడినది. ఆ పొరపాటు నాదే కావడం చేత దానితోనే ఆరంభిస్తాను.

నవమి నాటి పంక్తి

ఉపాధ్యాయ వృత్తి నుండి విశ్రాంతి పొందిన తరువాత కొన్నేళ్లుగా ఒక చిన్న సేవాబృందంలో ఉంటున్నాను. ఏటా శ్రీరామనవమి నాడు కల్యాణానంతరం భోజన పంక్తులు నడపడం మా బృందం బాధ్యత. వంటశాలను చూసే పెద్దాయన నాకు ముప్పై ఏళ్ల మిత్రుడు. వడ్డన చూసే సోదరి మాకంటే చాలా చిన్నది, చురుకైనది. బృందానికి పెద్దగా నన్ను కూర్చోబెట్టారు.

పండుగకు పక్షం రోజుల ముందు మిత్రుడు నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, ఈసారి వంటంతా దిగాకే మొదటి పంక్తి కూర్చోవాలి. మధ్యలో తొందర పెడితే నావల్ల కాదు" అన్నాడు. నేను "అలాగే, చూద్దాం" అన్నాను. రెండు రోజుల తరువాత ఆ సోదరి వచ్చి, "మాస్టారుగారూ, తలంబ్రాలు కాగానే వృద్ధులనూ పసిపిల్లల తల్లులనూ కూర్చోబెట్టేద్దామండీ. చైత్రమాసపు ఎండలో వాళ్లు నిలబడలేరు" అన్నది. ఆమెకూ "అలాగేనమ్మా, చూద్దాం" అనే చెప్పాను. ఇద్దరినీ నొప్పించకుండా గట్టెక్కానని లోలోపల సంతోషించాను కూడా.

నవమి నాడు తలంబ్రాలు పూర్తి కాగానే ఇన్నూరు మంది పంక్తిలో కూర్చున్నారు. విస్తళ్లు పడ్డాయి. పప్పు, కూర, పచ్చడి వడ్డించారు. అన్నం మాత్రం రాలేదు. రెండు గుండిగలలో ఎసరు మరుగుతున్నది, మూడవదానికి గంజి వార్చవలసి ఉన్నది. సుమారు ముప్పై అయిదు నిమిషాలు ఆ ఇన్నూరు మంది ఆకుల ముందు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. లోపల వంటశాలలో ఇద్దరూ నా పేరే చెప్పుకుని వాదించుకుంటున్నారు. "మాస్టారు ఒప్పుకున్నారు" అని ఆయన, "మాస్టారుగారే సరేనన్నారు" అని ఆమె.

పంక్తి చివర ఒక వృద్ధురాలు కూర్చుని ఉన్నది. కొంతసేపటికి ఆమె తన విస్తరిని మడిచి లేచింది. నేను పరుగున వెళ్లి, "కూర్చో అమ్మా, వచ్చేస్తున్నది" అన్నాను. ఆమె కోపగించుకోలేదు. "మా ఊరి బస్సు ఇదొక్కటే నాయనా. పోతే మళ్లీ రాత్రికే" అని, పప్పు అంటిన వేళ్లను కొంగుకు తుడుచుకుని వెళ్లిపోయింది. ఆనాడు మొత్తం మీద ఎనిమిది వందల మందికి పైగా భోజనం చేశారు. నాకు గుర్తున్నది మాత్రం భోజనం చేయకుండా వెళ్లిన ఆమె ఒక్కతే.

ఆ సాయంత్రం మిత్రుడు వంటశాల తాళపుచెవి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. వెళుతూ అన్న మాట ఇది: "మాస్టారూ, మీరు ఆ రోజే కాదని ఉంటే నేను సర్దుకునేవాణ్ణి."

అయిదు పద్ధతులు

ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఉద్యోగకాలంలో ప్రధానోపాధ్యాయులకు జరిగిన ఒక శిక్షణ తరగతి అప్పుడు జ్ఞాపకం వచ్చింది. అందులో మాకు ఒక ప్రశ్నావళి ఇచ్చారు. అమెరికా దేశీయులైన కెన్నెత్ థామస్, రాల్ఫ్ కిల్‌మన్ అనే ఇద్దరు పండితులు 1974లో దానిని రూపొందించారు. దానిలో ముప్పై జంటల వాక్యాలు ఉంటాయి. ప్రతి జంటలోనూ మన స్వభావానికి దగ్గరైన వాక్యాన్ని ఎంచుకోవాలి. తప్పు, ఒప్పు అనేవి ఉండవు. తగవు ఎదురైనప్పుడు మనం సాధారణంగా ఏ దారి పడతామో దానివల్ల తెలుస్తుంది.

దాని వెనుక ఉన్న ఆలోచన సరళమైనది. తగవులో ప్రతి మనిషినీ రెండు కొలతలతో చూడవచ్చు. తన అవసరాన్ని నెరవేర్చుకోవడానికి ఎంత గట్టిగా నిలబడతాడన్నది మొదటిది. ఎదుటివారి అవసరం నెరవేరడానికి ఎంత శ్రద్ధ చూపుతాడన్నది రెండవది. ఈ రెండింటి కలయిక వల్ల అయిదు పద్ధతులు ఏర్పడతాయి.

మొదటిది పట్టు. తన అవసరమే ముఖ్యం, ఎదుటివారిది తరువాత. రెండవది ఒదుగు. తన అవసరాన్ని విడిచి ఎదుటివారి మాటకు తలవంచడం. మూడవది దాటవేత. తనదీ తేల్చడు, ఎదుటివారిదీ తేల్చడు, తగవును అసలు ముట్టుకోడు. నాలుగవది రాజీ. ఇద్దరూ చెరికొంత వదులుకుని నడుమ కలుస్తారు. అయిదవది సమన్వయం. ఇద్దరి అవసరాలూ పూర్తిగా నెరవేరే దారి కోసం కలిసి వెదకడం.

ఆనాటి ప్రశ్నావళిలో నాకు దాటవేతయే అత్యధికంగా వచ్చింది. తోటివారితో కలిసి నవ్వుకుని, ఆ కాగితాన్ని పుస్తకంలో పెట్టి మరచిపోయాను. నవమి తరువాత దానిని వెదికి తీశాను. నేను సౌమ్యత అనుకున్నది సౌమ్యత కాదని, నిర్ణయభారం మోయడానికి జంకి దానిని ఇతరుల నెత్తిన వేయడమేనని అప్పుడు తెలిసింది.

మన ఇతిహాసాలలో ఈ అయిదూ

ఈ విభాగం ఆధునికులు చేసినదే అయినా, అందులోని మనుషులు మనకు కొత్తవారు కారు.

పట్టుకు దుర్యోధనుని కంటె తెలిసిన ఉదాహరణ లేదు. అయిదూళ్లు ఇచ్చినా చాలునని పాండవులు దిగివచ్చినా, అతడు సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నాడు. అయితే పట్టు ఎల్లవేళలా చెడ్డది కాదు. వంటశాలలో గ్యాస్ వాసన వచ్చినప్పుడు అందరి అభిప్రాయాలూ అడుగుతూ కూర్చోరాదు. ఒకరు ఆజ్ఞాపించాలి, తక్కినవారు బయటికి నడవాలి.

ఒదుగుకు క్షీరసాగర మథన ఘట్టం చక్కని నిదర్శనం. భాగవత కథ ప్రకారం శ్రీహరీ దేవతలూ మొదట వాసుకి తలవైపు పట్టుకున్నారు. తోకవైపు పట్టడం తమకు చిన్నతనమని అసురులు అలిగారు. శ్రీహరి చిరునవ్వుతో తలవైపు వారికి విడిచిపెట్టి, దేవతలతో కలిసి తోక పట్టాడు. కార్యం మథనం గాని, ఏ కొస ఎవరు పట్టాలన్నది కాదు. చిన్న విషయంలో ఒదిగినవాడు పెద్ద విషయాన్ని నిలబెట్టుకుంటాడు. కానీ ప్రతి విషయంలోనూ ఒదిగేవారు ఒకనాడు లోపలే విసిగి, చెప్పకుండా దూరమవుతారు. సేవాబృందాలలో ఇటువంటి వారిని ఎందరినో చూశాను.

దాటవేత ఎంత అనర్థం తెస్తుందో సభాపర్వం చెబుతుంది. ద్రౌపది నిండుసభలో ప్రశ్న అడిగినప్పుడు, ధర్మం సూక్ష్మమైనదని చెప్పి భీష్ముడంతటివాడు తేల్చి చెప్పలేకపోయాడు. ఆయన మౌనం ఎవరికి ఉపకరించిందో మనకు తెలుసు. అయినా కోపం మిక్కిలిగా ఉన్న గడియలో మాటను రేపటికి వాయిదా వేయడం వివేకమే. ఆ రేపు ఎప్పుడో స్పష్టంగా చెప్పాలి. చెప్పకపోతే అది నా "చూద్దాం" వంటిదే అవుతుంది.

రాజీ వ్యవధి తక్కువైనప్పుడు పనికి వస్తుంది. రెండు కుటుంబాల దాతలు ఒకే రోజు అన్నదానం కోరినప్పుడు, ఉదయం ఒకరి పేరిట, సాయంత్రం మరొకరి పేరిట జరపడం రాజీ. ఎవరికీ పూర్తి తృప్తి ఉండదు, ఎవరికీ పూర్తి నష్టమూ ఉండదు.

సమన్వయానికి నాకు కనిపించే అత్యుత్తమ ఘట్టం చిత్రకూటం. భరతుడు అన్నను రాజ్యానికి తీసుకువెళ్లడానికి వచ్చాడు. శ్రీరాముడు పితృవాక్యాన్ని దాటనన్నాడు. పైకి చూస్తే మధ్యమార్గం లేదు. పద్నాలుగేండ్లలో సగం వనవాసం, సగం రాజ్యం అనడం రాజీ అయ్యేది, కానీ ఇద్దరి ధర్మమూ చెడేది. పాదుకలు ఆ చిక్కును విప్పాయి. శ్రీరాముని సత్యవ్రతం చెడలేదు. అన్నగారి సింహాసనాన్ని తాను ఎక్కరాదన్న భరతుని నియమమూ చెడలేదు. నందిగ్రామం నుండి పాలన సాగింది. ఇద్దరూ కోరిన దాని వెనుక ఉన్న కారణాన్ని పట్టుకున్నందువల్లనే ఆ మూడవ దారి దొరికింది.

ఒక కిటికీ కథ

ఈ "కారణాన్ని పట్టుకోవడం" అనే సూత్రాన్ని అమెరికాలో మేరీ పార్కర్ ఫాలెట్ అనే విదుషి 1925లో ఒక ఉపన్యాసంలో వివరించింది. తగవు తీరే దారులు మూడని ఆమె చెప్పింది: ఒకరిపై ఒకరు గెలవడం, రాజీపడడం, రెండు కోరికలనూ ఇముడ్చుకోవడం. దానికి ఆమె తన అనుభవమే చెప్పింది. హార్వర్డ్ గ్రంథాలయంలో ఒక చిన్న గదిలో ఆమెతో పాటు మరొకరు చదువుకుంటున్నారు. వారికి కిటికీ తెరవాలని ఉన్నది, ఆమెకు మూయాలని ఉన్నది. చివరికి ఎవరూ లేని ప్రక్కగదిలో కిటికీ తెరిచారు. వారికి కావలసింది గాలి మాత్రమే. ఆమెకు కిటికీ మూసి ఉండాలన్న పట్టు లేదు, ఉత్తరపు గాలి నేరుగా తన మీద వీచకుంటే చాలు. కోరిక వేరు, కోరికకు మూలమైన అవసరం వేరు. కోరికలు ఢీకొన్నచోట కూడా అవసరాలు ఢీకొనకపోవచ్చు.

చెప్పుల స్టాండు చెప్పిన లెక్క

నవమి గడిచిన నెలకు మిత్రుని ఇంటికి వెళ్లాను. తిరిగి రమ్మని బతిమాలలేదు. మొదట నా తప్పు ఒప్పుకున్నాను. తరువాత ఒక్కటే అడిగాను: "వంటంతా దిగాకే కూర్చోవాలని నీకెందుకంత పట్టుదల?" చాలాసేపు ఊరుకున్నాడు. ఆపై చెప్పాడు. ఎన్నో ఏళ్ల క్రితం మరోచోట, పంక్తి తొందరపెట్టారని పలుకు అన్నం వడ్డించవలసి వచ్చిందట. ఒక పసివాడు అది తినలేక ఏడ్చాడట. "ఆ రోజే అనుకున్నాను మాస్టారూ, నా చేతి మీదుగా ఉడకని మెతుకు విస్తట్లో పడకూడదని." ముప్పై ఏళ్ల స్నేహంలో ఈ సంగతి నేను ఎన్నడూ అడగలేదు, అతడు చెప్పలేదు.

సోదరినీ అదే ప్రశ్న అడిగాను. వాళ్లమ్మ ఒకసారి ఎండలో వరుసలో నిలబడి సొమ్మసిల్లి పడిపోయిందని చెప్పింది. ఆమెకు కావలసింది భోజనం తొందరగా పెట్టడం కాదు. పెద్దవాళ్లకు నీడా, కూర్చోవడానికి చోటూ దొరకడం.

ఈ రెండు మాటలూ ప్రక్కప్రక్కన పెట్టుకుంటే తగవు సగం కరిగిపోయింది. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి రెండు కారణాలూ వారి నోటనే చెప్పించాను. అప్పటికీ ఒక చిక్కు మిగిలింది. ఎంతమంది వస్తారో ముందుగా తెలియకపోతే గుండిగ ఎప్పుడు ఎక్కించాలి? ఇరవై అయిదు కిలోల బియ్యం గుండిగ ఒకటి ఎసరు కాగి, ఉడికి, గంజి వార్చి దింపేసరికి గంట పడుతుందని మిత్రుని లెక్క.

అందరం తోచక ఊరుకున్న వేళ, నీళ్లు మోసి విస్తళ్లు ఎత్తే కుర్రవాడి వైపు చూసి, "నీకేమైనా తోస్తున్నదా బాబూ?" అన్నాను. నిజం చెప్పాలంటే అంతవరకు అతణ్ణి ఎవరమూ ఏమీ అడగలేదు. అతడు సంకోచిస్తూ, "చెప్పుల స్టాండులో టోకెన్లు లెక్కపెడితే తెలిసిపోతుందండీ. కల్యాణం మొదలైనప్పుడు ఎన్ని జతలుంటే, ఇంచుమించు అంతమందీ భోజనానికి కూర్చుంటారు. నేను రెండేళ్లుగా చూస్తున్నానండీ" అన్నాడు.

మరుసటి ఏడు అలాగే చేశాము. కల్యాణం ఆరంభంలో ఒకసారి, మాంగల్యధారణ వేళ మరొకసారి స్టాండు నుండి లెక్క వంటశాలకు చేరింది. తలంబ్రాలు కాగానే వృద్ధులనూ తల్లులనూ పందిరి నీడకు చేర్చి, పానకమూ వడపప్పూ ఇచ్చి కూర్చోబెట్టారు. విస్తరి మాత్రం గుండిగ దిగిందని వంటశాల నుండి గంట మోగిన తరువాతే వేశారు. ఆ గంట కొట్టే బాధ్యత మిత్రునిది. ఆనాడు ఒక్క ఆకు ముందు కూడా ఎవరూ ఎదురుచూడలేదు. ప్రతి పంక్తిలోనూ ఆ వృద్ధురాలి కోసం వెదికాను. ఆమె కనిపించలేదు.

బృందం ఒక్కరోజులో కుదరదు

బృందాలు పెరిగే క్రమాన్ని బ్రూస్ టక్‌మన్ అనే శాస్త్రవేత్త 1965లో నాలుగు దశలుగా వివరించాడు. మొదట కలుసుకుంటారు, తరువాత తగవులాడతారు, ఆపై పద్ధతులు కుదుర్చుకుంటారు, చివరికి పని సాగిస్తారు. తగవుల దశ రాగానే బృందం చెడిపోయిందని భయపడి విడిపోయేవారు మూడవ మెట్టును చూడనే చూడరు.

సేతుబంధాన్ని వాల్మీకి వర్ణించిన తీరు ఇక్కడ గుర్తుకు వస్తుంది. వానరులు మొదటి రోజు 14 యోజనాలు కట్టారు. తరువాత వరుసగా 20, 21, 22, 23. అయిదు రోజులకు నూరు యోజనాలు పూర్తయ్యాయి. చేతులు అవే, రాళ్లు అవే. కలిసి పనిచేయడం అలవడిన కొద్దీ వేగం పెరిగింది. మరొక విశేషం ఉన్నది. వంతెన కట్టగల నేర్పు తనకున్నదని నలుడు ముందుగా చెప్పుకోలేదు. సముద్రుడు చెప్పిన తరువాతే, అడగనిదే తన గుణాలు తాను చెప్పుకోనన్నాడు. ప్రతి బృందంలోనూ ఒక నలుడు ఉంటాడు. అడిగే వరకు విస్తళ్లు ఎత్తుతూ ఉంటాడు.

విభీషణుడు శరణు వచ్చినప్పటి సభ కూడా అధ్యయనం చేయదగినది. శ్రీరాముడు సుగ్రీవుడు, అంగదుడు, శరభుడు, జాంబవంతుడు, మైందుడు, హనుమంతుడు చెప్పినవన్నీ విన్నాడు. తన నిర్ణయానికి కారణం వివరించాడు. చివరికి విభీషణుని తోడ్కొని రమ్మని, అందరికంటె గట్టిగా ఎదిరించిన సుగ్రీవునికే చెప్పాడు. నిర్ణయం తన మాటకు విరుద్ధమైనా, ఆచరణలో తనకు స్థానముంటే ఎవరూ దూరం కారు. మిత్రుని చేతికి గంట ఇవ్వాలన్న ఆలోచన నాకు అక్కడి నుండే వచ్చింది.

మనకు మనం వేసుకోవలసిన ప్రశ్నలు

ఈ పాఠం సేవకులకే పరిమితం కాదు. యాత్రకు బయలుదేరిన కుటుంబంలో ముందు దర్శనమా, ముందు బసయా అన్న వాదం వస్తుంది. తల్లిదండ్రుల పేరిట ఇచ్చే విరాళం గోశాలకా, అన్నదానానికా అని అన్నదమ్ములు విభేదిస్తారు. అటువంటప్పుడు ఈ అయిదు ప్రశ్నలు వేసుకోవలసిందిగా పాఠకులకు నా మనవి.

ఒకటి: మాట తేడా వచ్చినప్పుడు నేను అలవాటుగా పట్టే దారి ఏది? గడచిన మూడు తగవులను తలచుకుంటే అదే తెలుస్తుంది. ఇంటివారిని అడిగితే ఇంకా త్వరగా తెలుస్తుంది.

రెండు: ఈ విషయం మథనమా, వాసుకి తోకయా? తోకయే అయితే నవ్వుతూ ఒదగవచ్చు.

మూడు: ఎదుటివారు ఏమి కోరుతున్నారో విన్నాను సరే, ఎందుకు కోరుతున్నారో అడిగానా? నా "ఎందుకు"ను నేను చెప్పానా?

నాలుగు: ఇద్దరికి రెండు రకాలుగా అర్థమయ్యే మాట ఏదైనా అన్నానా? అని ఉంటే ఇద్దరినీ కలిపి ఈరోజే సరిచేయాలి.

అయిదు: ఇంతవరకు ఎవరిని అడగలేదు?

మా బృందంలో తగవులు అంతరించాయని చెప్పలేను. మొన్ననే సాంబారులో చింతపండు పాలు గురించి పెద్ద చర్చ జరిగింది. తేడా ఒక్కటే. ఇప్పుడు ఎవరైనా నా దగ్గరికి ఒంటరిగా వచ్చి ఫిర్యాదు చేస్తే, "చూద్దాం" అనే మాట నా నాలుక చివరి వరకు వచ్చి ఆగిపోతుంది. మడిచిన ఆ విస్తరి గుర్తుకు వస్తుంది. "పద, ఇద్దరం కలిసి వారి దగ్గరికే వెళదాం" అని లేస్తున్నాను.

స్వస్తి.